శ్రీసిటీలో చేరే ముందు

అమ్మణ్ణీ,

శ్రీసిటీలో జపాన్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందని మీ నాయన ఫోన్ చేసినాడు. గర్వంగానే ఉంది. ఆర్డరు కాయితం మీద కంపెనీ పేరుందా, కాంట్రాక్టరు పేరుందా అంటే మాత్రం నీళ్లు నమిలినాడు. అందుకే ఈ ఉత్తరం.

సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సులు తీసుకుపో. అది నీకు తెలిసిందే.

ఓనరు జపానోడైతే జపాన్ హక్కులు మనకూ వస్తాయనుకోవద్దు. అక్కడ కాంట్రాక్టు ఐదేళ్లు దాటితే పర్మినెంటు అడిగే హక్కు 2013 నుంచి ఉంది. జర్మనీ కంపెనీలదీ ఇదే కత, వాళ్ల దేశంలో ఐదుగురున్న చోట కూడా కార్మికుల కౌన్సిల్ ఎన్నుకోవచ్చు. పెట్టుబడి, మిషన్లు, గోడ మీద 5ఎస్ (అన్నీ సర్ది, శుభ్రంగా పెట్టుకునే జపాన్ పద్ధతి) బోర్డులు ఓడెక్కి వస్తాయి, ఆ హక్కులు రావు. శ్రీసిటీ ఉండే సత్యవేడులో నడిచేది మన చట్టమే. నీ పేరు ఎవరి రిజిస్టర్లో ఉంటే ముందు వాళ్లనే అడగాల. కాంట్రాక్టరు జీతమో పీఎఫో ఎగ్గొడితే మాత్రం అసలు కంపెనీ కట్టాల్సిందే. కాబట్టి కాయితంలో రెండు పేర్లూ ఉన్నాయేమో చూడు.

మన పిల్లలు ఏళ్లుగా చేస్తున్న తప్పొకటుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ ఊడ్చి తెచ్చుకుంటారు. నువ్వు 12 శాతం కడితే జీతమిచ్చేవాళ్లూ 12 కడతారు. వాళ్లదాంట్లో 8.33 శాతం పింఛనుకు పోతుంది, 15,000 జీతం మీద నెలకు 1,250. ఫారం 10సీ పెట్టి ఆ పింఛను డబ్బు తీసుకుంటే అంతవరకు చేసిన సర్వీసు చెరిగిపోతుంది. నెలనెలా పింఛను రావాలంటే పదేళ్లుండాల. ఒకడి కింద నాలుగేళ్లు, ఇంకొకడి కింద మూడు, మూడోవాడి కింద నాలుగు చేసి, మారిన రెండుసార్లూ డబ్బు తీసుకున్న పిల్లకు లెక్కలో మిగిలేది నాలుగేళ్లే. పదకొండేళ్లు లైన్లో నిలబడి ఇదా! చెవులు మెలిపెట్టాలనిపిస్తుంది. తమ్ముడి ఫీజు, చెల్లి పెళ్లి ఉంటాయి, తెలుసులే తల్లీ. దానికి పీఎఫ్ అడ్వాన్సు దొరుకుతుందేమో కనుక్కో, పింఛను జోలికి పోవద్దు.

యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరు, ఎన్ని కంపెనీలు మారినా ఎప్పటికీ ఒకటే. కొత్తది తీస్తామంటే ఒప్పుకోవద్దు. పాత కాంట్రాక్టరు నువ్వు మానేసిన తేదీ వేయకపోతే పీఎఫ్ బదిలీ ఇరుక్కుంటుంది. ఆఖరుసారి పీఎఫ్ పడిన రెండు నెలలకు నువ్వే పోర్టల్లో వేసుకోవచ్చు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుండి పీఎఫ్‌లో వెనకపడితే ఇప్పుడే సరిచేయించు.

జీతంలో ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) 0.75 శాతం కోసినారంటే నంబరు అడిగి తీసుకో.

సెకండ్ షిఫ్టు దిగేసరికి రాత్రవుతుంది. కంపెనీ బస్సు ఊళ్లోకి వస్తుందో, హైవే మీదే దించేస్తుందో సంతకం పెట్టకముందే కనుక్కొని నాకు చెప్పు.

మీ పెద్దనాయన
తిరుపతి