పాత గోడకు, కొత్త గదికి మధ్య పగులు మళ్లీ మళ్లీ వస్తోంటే

మీ పుట్టీ తప్పు కాదండి. పాత ఇంటి పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్త గదిది ఇంకా కుంగుతోంది. రెండింటినీ కలిపి ఒకే ప్లాస్టరింగ్ చేశారు కాబట్టి ఆ కలిసే చోటే నిలువుగా పగులుతోంది. సిమెంట్, పుట్టీ సాగవు. ఎన్నిసార్లు నింపినా అంతే.

1. పగులు రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి, పక్కనే తేదీ, వెడల్పు రాయండి. కొన్ని నెలలు చూడండి. పెరగడం బాగా తగ్గాకే పని మొదలుపెట్టండి.

2. అతుకు పొడవునా ప్లాస్టర్‌ను 12 మి.మీ. వెడల్పున నిటారుగా కోయించి, దుమ్మంతా దులపండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: సీలెంట్ (సందు నింపే, రబ్బరులా సాగే పదార్థం) కంటే ముందు లోపల ఫోమ్ రాడ్ (మెత్తటి స్పాంజి తాడు లాంటిది) దూర్చాలి. సందు కంటే కాస్త లావుది తీసుకోండి, బిగుతుగా కూర్చుంటుంది. అది లేకపోతే సీలెంట్ వెనక గోడకు కూడా అతుక్కుంటుంది. మూడు వైపులా పట్టేస్తే ఇక సాగలేదు, చిరిగిపోతుంది. రెండు పక్కలకే అంటుకోవాలి.

4. దానిపై పాలీయురథేన్ సీలెంట్, 6 మి.మీ. మందం చాలు. మామూలు సిలికాన్ వద్దు, దాని మీద రంగు నిలవదు.

ఫ్లోరింగ్ టైల్స్‌లో, పైకప్పులో కూడా అదే గీతన సందు ఉండాలి. పైకప్పు సందుకు వాన నీరు దిగకుండా పైన కవర్ తప్పనిసరి.

పగులు ఏటవాలుగా పాకినా, 5 మి.మీ. దాటినా, తలుపులు బిగుసుకుంటున్నా ఇవేవీ చేయకండి. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించండి.