పచ్చడి జాడీ, పసిబిడ్డ: రెండూ చూసుకునేదెలా?

ప్రశ్న: ఇంట్లోనే ఆవకాయ పెట్టి అమ్ముతున్నాను. బాబుకు పది నెలలు. ఒక్కో విడతకు 40 సీసాలు, పావుకిలో సీసా 100 రూపాయలు. సరుకులకు, సీసాలకు 2,800 పోను 1,200 మిగులుతోంది. ఈసారి రెండు సీసాలు బూజు పట్టాయి. పిల్లాణ్ణి సరిగ్గా చూసుకోవడం లేదని అత్తగారు అంటున్నారు. మానేయమంటారా?
- ఒక సోదరి, బరంపురం

జవాబు: మానేయకండమ్మా. ముందు ఆ 1,200 లెక్క మళ్లీ వేద్దాం. కాయలు కడగడం మొదలు సీసాకు చీటీ అంటించేదాకా మీకు 14 గంటలు పట్టిందనుకుందాం. గంటకు 60 చొప్పున మీ కూలి 840. బూజు పట్టిన సీసాలు 200. బడా బజారుకు ఆటో 150. మిగిలింది పది రూపాయలు! ఇంత అలసిపోయి, బిడ్డకు దూరమై, ఆ పదికోసమా? సీసా 125 చేయండి, విడతకు 30 సీసాలే పెట్టండి. సరుకు 2,100, 11 గంటల కూలి 660, ఆటో 150 పోగా 840 ఉంటుంది. పాత కొనుగోలుదారులు కొందరు తప్పుకుంటారు, దానికి సిద్ధపడండి.

పనిని మూడు రోజులకు పంచండి. మొదటి రోజు కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, బజారులోనే ముక్కలు కొట్టించుకుంటే ఇంట్లో కత్తిపీట పని ఉండదు. జీడి తీసి, టెంక లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడవడం బాబు పక్కన ఆడుకుంటుండగానే అవుతుంది. రెండో రోజు కలపడం: కిలో ముక్కలకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200, ఉప్పు 180, నువ్వుల నూనె 350. ఇది మాత్రం అత్తగారు బాబును వేరే గదిలో ఉంచుకునే రెండు గంటల్లోనే చేయండి. ఆవిడదీ పనే కదా, ఆ రెండు గంటలకూ అదే కూలి ఆ 840లోంచి చేతిలో పెట్టండి. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకుని, బాబు నిద్రపోయాక సీసాలకెత్తండి.

కారం కలిపిన చేతుల మంట ఉత్తి నీళ్లకు పోదు, ఆ మంట పుట్టించే పదార్థం నూనెలో కరుగుతుంది. కొబ్బరినూనె రాసి రెండు నిమిషాలు రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడగండి. గోళ్ల సందుల్లో కారం ఉండిపోతుంది, చూసుకోండి. చీర మార్చాకే పాలివ్వండి.

బూజు చాలాసార్లు మూత నుంచే మొదలవుతుంది. సీసా ఆరినా, మూత లోపలి మరచుట్ల సందుల్లో నీటిచుక్క దాగి ఉంటుంది. అసలే మనది సముద్రపు ఒడ్డు గోపాల్‌పూర్ పక్కన తేమగాలి. మూతలు వెల్లకిలా పరిచి రోజంతా ఎండనివ్వండి. ముక్క పైకి తేలకుండా అర అంగుళం నూనె నిలవాలి.

ప్రశ్న: పచ్చడి సీసా మీద వివరాలు తెలుగు, ఒడియాల్లో రాస్తే చాలా? పాతపట్నం దుకాణానికి పంపొచ్చా?
- ఇద్దరు పిల్లల తల్లి, పర్లాకిమిడి

జవాబు: చాలదు. ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ ఉండి తీరాలి. తెలుగు, ఒడియా దాని పక్కన రాసుకోవచ్చు. పదార్థాలు, బరువు, ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ఎం.ఆర్.పి., మీ చిరునామా, 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు తప్పనిసరి.

పాతపట్నం కూతవేటు దూరమే, కానీ వేరే రాష్ట్రం. ఒడిశాలోనే అమ్మితే ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. సరిహద్దు దాటించి అమ్మితే మాత్రం మొదటి సీసా నుంచే నమోదు కావాలి. ఆ కాగితాల పని పిల్లలతో ఇప్పుడే ఎందుకు? ముందు కాశీనగరం, గుణుపురం దుకాణాలకు వేసి చూడండి.