చైనీస్ వియ్యంకుల ఇంట్లో టీ సెరిమనీ: హోటల్‌కి మార్చమని అడగొచ్చా?

అడగొద్దు. గుమ్మంలో చెప్పుల గుట్ట దాటుకుంటూ లోపలికి వెళ్లాల్సి వచ్చినా సరే, వాళ్లింట్లోనే జరగనివ్వండి.

మీ అబ్బాయి మలేషియా చైనీస్ అమ్మాయిని చేసుకుంటున్నాడు, వాళ్లది చిన్న ఇల్లు, మనవైపు నుంచి పాతికమంది బయల్దేరుతున్నారు, సాయంత్రం డిన్నర్ ఎలాగూ హోటల్లోనే కాబట్టి, జంట పెద్దలకి టీ ఇచ్చి దీవెనలు తీసుకునే ఆ తంతు కూడా అక్కడే కానిచ్చేస్తే పోలా అని మీ ప్రశ్న. ఈ రోజుల్లో అక్కడివాళ్లే చాలామంది అలా చేస్తున్నారు, కాదనను. డిన్నర్‌కి ముందు ఓ గదిలో రెండు కుర్చీలు వేసి, వెనక ఎర్ర గుడ్డ కట్టి, అరగంటలో ముగించేస్తారు. కానీ పాత పద్ధతి పాటించే ఇళ్లలో టీ పోసేముందు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ఆ ఇంటి పూర్వీకుల పీఠం ముందు అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంటారు. ఆ పీఠాన్ని హోటల్‌కి మోసుకెళ్లరు కదా. మీరు మార్చమంటే మర్యాదకి సరేనంటారు. మనసులో ఏమనుకుంటారో మీకెప్పటికీ చెప్పరు.

మా తమ్ముడి అత్తగారిది మలేషియాలోని ఈపో. ఆ ఊళ్లో చైనీయులు ఎక్కువగా కాంటనీస్ మాట్లాడతారు. ఒకే గోడ పంచుకునే వరస ఇళ్లలో వాళ్లదొకటి. వాళ్ల పంచాంగం చూసి పొద్దున్నే ముహూర్తం పెట్టారు. ముందు తలుపు దగ్గర పెళ్లికూతురి స్నేహితురాళ్ల అల్లరి. పులుపు, తీపి, చేదు, కారం నాలుగూ తినిపించాకే లోపలికి రానిస్తారు, ఉగాది పచ్చడిని విడదీసి పెట్టినట్టు. ఇంట్లో కాకరకాయ వేపుడు చేస్తే కంచం తీసుకుని లేచిపోయే మా వాడు ఆ రోజు పచ్చి కాకర ముక్కలు నమిలి మింగాడు. మా అమ్మ మొహం చూడాలి.

తంతు నడిపించడానికి దాయ్ కమ్ జే అని ఒకావిడ వస్తుంది. ఎవరు ఎప్పుడు కూర్చోవాలి, కప్పు ఎలా అందించాలి అన్నీ ఆవిడే చెబుతుంది, మధ్యమధ్యలో రాగం తీసి దీవెనలు చదువుతుంది. పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు, జంట దిండ్ల మీద మోకరిల్లి రెండు చేతులతో కప్పు ఇస్తుంది. ముందు అమ్మాయి వైపు వాళ్ల నానమ్మ కూర్చుంది. ఆవిడకి భర్త లేడు. పక్క కుర్చీ ఖాళీగానే ఉంచి మొదటి టీ ఆవిడకే ఇచ్చారు.

మామూలుగా అబ్బాయి వైపు పెద్దలకి టీ అబ్బాయి ఇంట్లోనే ఇస్తారు. మా ఇల్లు రాజమండ్రిలో కాబట్టి మమ్మల్ని కూడా అక్కడే కూర్చోబెడతామన్నారు. అమ్మా నాన్నా కుర్చీల వైపు కదిలారు. అంతలో ఆ నానమ్మ వంటగది గుమ్మం వైపు వేలు చూపించి ఏదో అడిగింది. అక్కడ మా పెద్దమ్మ నిలబడి ఉంది. పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఏ పెళ్లిలోనైనా తలంబ్రాల టైముకి ఆవిడ వంటల దగ్గరే ఉంటుంది. ఎవరూ వెళ్లమనరు, ఎవరూ రమ్మనీ అనరు.

మా తమ్ముడు ఆవిడెవరో చెప్పాడు. నానమ్మ వెంటనే చేతులూపి మా నాన్నని ఆపేసింది. అన్నగారి భార్య నిలబడి ఉండగా తమ్ముడు ముందెలా కూర్చుంటాడని ఆవిడ లెక్క. పెద్దమ్మ "నేనెందుకమ్మా, మీరు కానివ్వండి" అంటూనే ఉంది, దాయ్ కమ్ జే చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. లేత బూడిదరంగు నేతచీర మీద ఎర్ర పువ్వొకటి పిన్నుతో గుచ్చింది. మా మరదలు మోకాళ్ల మీద కూర్చుని, వారం నుంచి బట్టీపట్టిన మాట "పెద్దమ్మా, యం చా" అంది. టీ తాగండి అని.

పెద్దమ్మ తాగింది. కప్పులో ఎర్రటి ఎండు పండొకటి తేలుతోంది, అదీ నోట్లో వేసుకుంది. గింజ ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లో దాచుకుని, పక్కనే ఉన్న నాతో మెల్లిగా "రేగుపండేనే ఇది, వడియాలకి పనికిరాదు" అంది. నిజంగా రేగు జాతిదే.

అలాగని చైనీయుల దగ్గర ఇలాంటి పట్టింపులు లేవని కాదు. పెళ్లికి ముందు రాత్రి అమ్మాయికి తల దువ్వే తంతు ఉంటుంది. దానికి భర్తా పిల్లలూ చల్లగా ఉన్న ఆడమనిషే కావాలంటారు. టీ దగ్గర మాత్రం వయసూ వరసా చూస్తారు, అంతే. నాకు నచ్చింది అదే.

వరసల విషయంలో మనకి వాళ్లతో పేచీ రాదు. కాంటనీస్‌లో నాన్న అన్నగారు బాక్ ఫు, నాన్న తమ్ముడు సుక్, మేనమామ కౌ ఫు. పెదనాన్న, బాబాయి, మామయ్యల తేడా తెలిసిన మనకి ఇదేం కష్టం? మన పిల్లలే అందరినీ అంకుల్ అని ఒక గాటన కట్టేసి కూర్చున్నారు. ఈ జబ్బు అక్కడి కుర్రాళ్లకీ ఉంది.

టీ ఎందుకంటారా, తేయాకు మొక్కని పీకి మరోచోట నాటితే బతకదని పాత నమ్మకం. కట్టుబడి ఉండటానికి గుర్తుగా మింగ్ రాజుల కాలం (1368-1644) నాటికే పెళ్లి కానుకల్లో తేయాకు ఉండేది. మా వాళ్ల కూజాలో మాత్రం తేయాకే లేదు, ఎర్ర ఖర్జూరం అని పిలిచే ఆ ఎండు పండ్లూ, లిచీలాంటి లాంగన్ పండ్లూ, చక్కెరా వేసి మరిగించిన నీళ్లు. షుగర్ ఉన్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, ఒక్క గుక్క తాగి కప్పు ఇచ్చేయొచ్చు.

అసలు టెన్షన్ పెట్టింది మా వీడియో కుర్రాడు. మా అమ్మకి కప్పు ఇచ్చేటప్పుడు "ఇంకోసారి, మేడమ్" అని వాళ్లని మళ్లీ మోకరిల్లమన్నాడు. దాయ్ కమ్ జే కసిరిన కసురుకి భాష అక్కర్లేకుండానే అర్థమైంది వాడికి.

కవర్ల సంగతి చెప్పాలి. టీ తాగాక పెద్దలు ఎర్ర కవరులో డబ్బో, బంగారమో ఇస్తారు. మన అలవాటు ప్రకారం తెల్ల కవరు తీశారో, అది వాళ్లకి చావింట్లో ఇచ్చే కవరు. సొమ్ము సరిసంఖ్య ఉండాలి, 4 ఉండకూడదు. కాబట్టి 101, 501 వద్దు. మన 116 సరిసంఖ్యే, పైగా 6 వాళ్లకి మంచి అంకె, నిక్షేపంగా ఇవ్వండి. మగవాళ్లు మల్లెపువ్వులాంటి తెల్ల పంచెలు హోటల్ గదిలో వదిలేసి రంగు పట్టుపంచె కట్టుకుంటే మంచిది, తెలుపు అక్కడ చావు రంగు. దాయ్ కమ్ జేకి కూడా ఓ ఎర్ర కవరు మర్చిపోవద్దు.

మీ వియ్యంకులు చైనీయుల్లో ఏ భాష వాళ్లో, కాంటనీసో, హొక్కియెనో, టియోచ్యూనో కనుక్కోండి. తల్లిదండ్రులు ముందా, తాతలు ముందా అన్నది ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. మీవైపు పెద్దల పేర్లు వయసూ వరసా ప్రకారం రాసి ముందే పంపండి. మీ ఇంట్లో కూడా వంటగది గుమ్మంలో నిలబడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల పేరూ రాయండి. పాతికమంది ఆ ఇంట్లోకి పట్టకపోతే పదిమందే వెళ్లండి, మిగతావాళ్లు సాయంత్రం డిన్నర్‌కి వస్తారు. ఆ పదిమందిలో వీడియో కుర్రాణ్ణి లెక్కేయకండి.