స్కోరు పెరిగితే ఈత చెడినట్టేనా?

ప్రశ్న: గోవాలో జరిగే హాఫ్ ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిసిన పోటీ) కోసం 1.9 కిలోమీటర్ల ఈతకు సిద్ధమవుతున్నాను. వారమంతా మా అపార్ట్‌మెంట్‌లోని 18 మీటర్ల పూల్‌లో, ఆదివారం మాత్రం 50 మీటర్ల పూల్‌లో ఈదుతాను. మొదటిచోట వాచీ చూపే స్వోల్ఫ్ స్కోరు 40 దగ్గర ఉంటే, రెండోచోట 110 దాటుతోంది. వాచీ మార్చాలా? వీడియో పంపితే ఫ్రీస్టైల్‌లోని తప్పులు చెప్పే ఉచిత యాప్ ఒకటి ఉంది, దాన్ని వాడవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వాచీ మార్చనవసరం లేదు. ఒక లెంగ్త్ (పూల్ ఒక చివర నుంచి మరో చివరకు) ఈదడానికి పట్టిన సెకన్లను, ఆ లెంగ్త్‌లో వేసిన బారల సంఖ్యను కలిపితే వచ్చేదే స్వోల్ఫ్. ఒకే పూల్‌లో అది తగ్గితే మేలంటారు. కనుక పొడవు వేరైన రెండు పూల్‌ల స్కోర్లను పక్కపక్కన పెట్టడంలో అర్థం లేదు. ఇదే ఫిర్యాదు నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. తప్పు ఈతగాళ్లది కాదు, ఆ అంకెను పూల్ పొడవుతో సంబంధం లేనట్టు పెద్ద అక్షరాల్లో చూపించే తయారీదారులది.

మీరు పంపిన వాచీ స్క్రీన్‌షాట్‌లో అంతకంటే పెద్ద పొరపాటు ఉంది. అపార్ట్‌మెంట్ పూల్‌లో ఈదిన రోజున కూడా వాచీలో పూల్ పొడవు 25 మీటర్లనే ఉంది. మీరు 40 లెంగ్త్‌లు ఈదితే నిజంగా దాటిన దూరం 720 మీటర్లు, వాచీ రాసుకున్నది 1,000 మీటర్లు. వంద మీటర్లకు 2 నిమిషాలని అది చూపిన వేగం వాస్తవానికి 2 నిమిషాల 47 సెకన్లు. ఈ అమరికను నాలుగు మెనూల అడుగున దాచి, ఈత మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా అడగని వాచీని ఈతగాళ్ల కోసం చేసిన పరికరమని నేను ఒప్పుకోలేను.

చిన్న పూల్‌తో మరో చిక్కు ఉంది. 18 మీటర్ల పూల్‌లో 1.9 కిలోమీటర్లు పూర్తిచేయాలంటే మీరు నూటికి పైగా సార్లు గోడను తన్ని ముందుకు దూసుకుపోతారు, 50 మీటర్ల పూల్‌లో అది 37 సార్లే, సముద్రంలో ఒక్కసారి కూడా ఉండదు. పైగా స్కోరు తగ్గించుకోవాలన్న తాపత్రయంతో చాలామంది చేతిని ముందుకు చాచి అలాగే ఆపుతున్నారు. బారల లెక్క తగ్గుతుంది గానీ, రెండు బారల మధ్య శరీరం వేగం కోల్పోయి, ప్రతిసారీ దాన్ని మళ్లీ కదిలించవలసి వస్తుంది. దూరపు ఈతలో ఆ ఖర్చు భరించలేనిది.

ఆ స్కోరు బదులు 50 మీటర్ల పూల్‌లో ఒక పరీక్ష చేసుకోండి. ఒళ్లు బాగా వేడెక్కాక 400 మీటర్లు, తగిన విశ్రాంతి తర్వాత 200 మీటర్లు మీ శక్తి మేరకు ఈది, మొదటి సమయం నుంచి రెండోది తీసివేసి సగం చేయండి. 400కు 8 నిమిషాల 40 సెకన్లు, 200కు 4 నిమిషాల 10 సెకన్లు పట్టిందనుకుంటే, మీరు ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం వంద మీటర్లకు సుమారు 2 నిమిషాల 15 సెకన్లు. ఆ వేగంతో వంద మీటర్ల చొప్పున పదిసార్లు, మధ్యలో 15 సెకన్ల విరామంతో ఈదడం మీకు తగిన సాధన.

ఇక వీడియో సంగతి. మణికట్టు కదలికను మాత్రమే పసిగట్టే వాచీకి తల ఎత్తడం వల్ల కాళ్లు మునగడం, నీటిని పట్టేటప్పుడు మోచేయి జారిపోవడం, చేయి తల మధ్యగీతను దాటి అవతలి వైపు పడడం తెలియవు, కెమెరాకు తెలుస్తాయి. కాబట్టి వీడియో తీయించుకోవడం మంచిదే. నన్ను కలవరపెడుతున్నది ఆ వీడియో చేరే చోటు. మీ ఈత దృశ్యంలో పక్క లేన్‌లోని స్త్రీలు, గట్టున తడిబట్టలతో నిలబడ్డ పిల్లలు ఉంటారు, వారెవరూ అనుమతి ఇవ్వలేదు. కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే పూల్ ఎక్కడుందో, మీరు ఏ వేళకు అక్కడ ఉంటారో కూడా ఆ ఫైల్‌లోనే నమోదవుతుంది. పది సెకన్ల వీడియో కోసం గ్యాలరీ మొత్తాన్ని తెరవమని అడిగే యాప్ తనకు అక్కర్లేనిది అడుగుతోందని గ్రహించాలి. డబ్బు తీసుకోని సంస్థ ఆ దృశ్యాలను ఎంతకాలం దాస్తుందో, దేనికి వాడుతుందో స్పష్టంగా రాయకపోతే వాటిని అప్పగించకూడదు.

లేన్ ఖాళీగా ఉన్న వేళ, పూల్ నిర్వాహకుల అనుమతితో, లొకేషన్ ఆపివేసిన మీ సొంత ఫోన్‌తో పక్క నుంచి, ఎదురు నుంచి స్లో మోషన్‌లో తీయమని మిత్రుణ్ణి కోరండి. ఊపిరి తీసుకునేటప్పుడు కళ్లద్దాల్లో ఒకటి నీటిలోనే ఉందా, ముఖం నీటిలో ఉండగానే గాలి వదిలేశారా, మడమలు నీటి పైభాగానికి దగ్గరగా ఉన్నాయా అన్నవి గ్యాలరీలోనే నెమ్మదిగా జరుపుతూ చూసుకోవచ్చు. ఇప్పటికే ఆ యాప్‌కు వీడియో పంపి ఉంటే, దాన్ని ఫోన్ నుంచి తీసేయడం చాలదు. ముందు యాప్ లోపలే వీడియోలను, ఖాతాను తొలగించి, గ్యాలరీ అనుమతి రద్దు చేసి, ఆ తర్వాతే యాప్‌ను తీసేయండి.