రోజూ డైరీ రాస్తున్నా నా మీద నాకు నమ్మకం రావట్లేదు: సమాధానం

మీరు రాసేది డైరీ కాదు, చార్జిషీటు. "మళ్లీ లేవలేదు, ఒడియా పరీక్షకి మళ్లీ చదవలేదు" అంటూ మీరు పెట్టిన పేజీ నిండా నేరాలే.

1. రాత్రి, రేపటికి మీకు మీరే ఇచ్చుకునే మాట ఒక్కటే రాసుకోండి. చిన్నది: "టీ తాగాక వ్యాకరణం రెండు పేజీలు."
2. మర్నాడు టిక్ పెట్టండి. తప్పితే ఏం అడ్డొచ్చిందో ఒక్క లైను.
3. ఆదివారం వెనక్కి తిప్పి చదవండి.

అందరూ వదిలేసేది ఈ మూడోదే. పర్లాకిమిడిలో కొట్టు చూసుకునేటప్పుడు నేనూ మూడు నెలలు రాశాను, ఒక్కసారీ చదవలేదు. చదివాక తెలిసింది, మాట తప్పినవన్నీ సరుకు దిగిన రోజులే. బద్ధకం కాదు, అలసట! ఆ రోజులకి మాట పెట్టుకోవడం మానేశాను.

రాయగానే మనసు బరువెక్కితే టెన్షన్ పడకండి. 1986లో అమెరికా మనస్తత్వవేత్త పెన్నెబేకర్ మనసులోని బాధలు రాయించి చేసిన ప్రయోగంలోనూ అలాగే జరిగింది. అక్కడ రాయించింది రోజుకి 15 నిమిషాలే. మీరూ గంట కూర్చోకండి.