మొక్కల లైటుకు మీ కాంటాక్టులతో ఏం పని?

ప్రశ్న: ఎదుటి భవనం అడ్డం రావడంతో మా ఫ్లాట్ బాల్కనీలో ఎండ పడదు. కొత్తిమీర, పుదీనా కోసం 80 వాట్లని పెట్టె మీద రాసి ఉన్న నాలుగు తలల గ్రో లైటు కొన్నాను. మొక్కలు సన్నగా సాగి వాలిపోతున్నాయి. యాప్‌తో నడిచే వైఫై లైటు కొనమని తెలిసినవారు చెబుతున్నారు గానీ, ఆ యాప్ లొకేషన్, కాంటాక్టులు కూడా అడుగుతోంది. కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: మొక్కలు అలా సాగడం వెలుతురు చాలడం లేదనడానికి గుర్తు. మీ లైటు యూఎస్‌బీ వైరుతో నడిచేదైతే అడాప్టరు మీద ఏం ముద్రించారో చూడండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే ఆ లైటుకు అందే విద్యుత్తు 10 వాట్లకు మించదు. పెట్టె మీది 80 చాలాసార్లు లోపలి ఎల్ఈడీల గరిష్ఠ సామర్థ్యాలను కలిపి వేసిన అంకె, లేదా పాతరకం బల్బుతో పోల్చి చెప్పిన అంకె. కూరగాయల బండి దగ్గర తూకంలో మోసాన్ని సహించని మనం దీన్ని మాత్రం ఎందుకు సహించాలి? ల్యూమెన్లు మనిషి కంటికి సంబంధించిన కొలత కాబట్టి అవీ ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. మొక్కకు పనికొచ్చే వెలుతురును మైక్రోమోల్స్‌లో, అంటే చదరపు మీటరు మీద సెకనుకు పడే కాంతి కణాల లెక్కలో కొలుస్తారు. ఎంత దూరంలో ఎన్ని మైక్రోమోల్స్ పడతాయో చెప్పే లైటునే కొనండి. ఆకుకూరలకు 200 దరిదాపుల్లో, రోజుకు 14 గంటలు అందితే సరిపోతుంది. ఊదారంగు లైటే కావాలని లేదు. తెల్లని లైటు కింద కూడా మొక్కలు చక్కగా పెరుగుతాయి, పైగా ఆకు మీది మచ్చ, పురుగు మన కంటబడతాయి. అప్పటిదాకా ఉన్న లైటునే ఆకులకు జానెడు దూరంలోకి దించి చూడండి.

ఇక యాప్ సంగతి. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందటి ఫోన్లలో దగ్గరలోని బ్లూటూత్, వైఫై పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి తప్పనిసరి కాబట్టి, జత చేసేటప్పుడు దాన్ని అడగడానికి ఒక కారణం ఉంది. పని పూర్తయ్యాక ఆ అనుమతిని తీసివేయండి. కాంటాక్టులు అడగడానికి మాత్రం ఏ కారణమూ లేదు. అవి ఇవ్వకపోతే ముందుకు సాగని యాప్ ఉన్న లైటును వెనక్కి పంపించడమే మంచిది. కొన్నప్పుడు బ్లూటూత్‌తో నేరుగా పనిచేసిన పరికరం, ఒక అప్‌డేట్ తర్వాత ఖాతా తెరిస్తే గానీ వెలగనంటే, డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద మన హక్కును దొంగచాటుగా తగ్గించినట్టే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, ఆ లైటు మీ ఇంటి వైఫైలోకి శాశ్వతంగా వచ్చి కూర్చోవడం. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రాము), తయారీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకొని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. పారేసిన స్మార్ట్ బల్బుల మెమరీ నుంచి ఇంటి వైఫై పాస్‌వర్డ్‌ను బయటకు తీయవచ్చని కూడా భద్రతా పరిశోధకులు చేసి చూపించారు. వైఫై లైటే కావాలనుకుంటే దాన్ని రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే గెస్ట్ నెట్‌వర్క్‌కే కలపండి, ఎవరికైనా ఇచ్చేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. బ్యాంకు లావాదేవీలు జరిగే ఫోన్, పిల్లల లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లో, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో చెప్పని లైటును కలపడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

నిజానికి వేళకు వెలిగి, వేళకు ఆరిపోవడానికి ఇంటర్నెట్ అవసరమే లేదు. ప్లగ్‌కు తగిలించే చిన్న టైమర్ చాలు. ముళ్లు తిరిగే రకం కరెంటు పోయినప్పుడు ఆగిపోయి ఆ మేరకు వెనకబడుతుంది కాబట్టి, లోపల బ్యాటరీ ఉండి సమయం మరచిపోని డిజిటల్ రకం తీసుకోండి. లైటు మీదే మీట నొక్కి పెట్టుకునే టైమర్లలో చాలావాటికి కరెంటు వచ్చాక ఏమీ గుర్తుండదు. నీళ్లు చిలకరించే చోటు గనుక అడాప్టరును, ఎక్స్‌టెన్షన్ బాక్సును కుండీల కంటే ఎత్తులో ఉంచండి. తీగ వెంట జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోయేలా, తీగను సాకెట్ కంటే కిందికి వేలాడదీసి పైకి తీసుకెళ్లండి. మీ ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించి, లేకపోతే లైటు కంటే ముందు దాన్ని పెట్టించండి.