కారవాన్ చక్రం నట్టుకి కీ ఇవ్వలేదు, డీలర్‌ని అడగొచ్చా?

ప్రశ్న: పాత బండ్లు కొని అమ్మే డీలర్ దగ్గర, కారుకి తగిలించి లాగే కారవాన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ప్రకటనలో ‘టూల్ కిట్‌తో సహా’ అని ఉంది. దారిలో టైరు పంక్చరైతే తెలిసింది, ప్రతి చక్రానికీ ఒక నట్టు వేరే రకం, దాని తల మీద పువ్వులాంటి గాడులున్నాయి, కిట్‌లోని స్పానర్ దానికి పట్టదు, ఆ గాడుల్లో కూర్చునే ప్రత్యేకమైన సాకెట్ (దాన్నే కీ అంటారట) కిట్‌లో లేదు. ఒక మెకానిక్ దాని మీదికి సాకెట్‌ని సుత్తితో దిగ్గొట్టి తీశాడు, అల్లాయ్ వీల్ చిట్లింది. డీలర్‌ని అడిగితే ‘చూసుకునే కొన్నారుగా, ఆ కీ నాకూ ఎవరూ ఇవ్వలేదు’ అంటున్నాడు. బండి వెనక్కిచ్చేయవచ్చా? వీల్ ఖర్చు ఎవరిది?

జవాబు: బండి వెనక్కివ్వడం దాదాపు కుదరదు, ముందు ఆ ఆశ వదులుకోండి. కీ ఇమ్మని, లేదా ఆ నట్లు తీయించి మామూలువి వేయించే ఖర్చు భరించమని మాత్రం గట్టిగా అడగొచ్చు. చిక్కంతా వీల్ దగ్గరే ఉంది.

‘చూసుకునే కొన్నారుగా’ అన్న మాటకి చట్టంలో కొంత బలం ఉంది. సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం, 1930లో 16వ సెక్షన్ మొదలవడమే, వస్తువు నాణ్యతకి చట్టం తనంతట తాను పూచీ ఇవ్వదు అని మొదలవుతుంది. తర్వాత మినహాయింపులు వస్తాయి. అలాంటి సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడి దగ్గర, అతను చెప్పిన వివరాలు నమ్మి కొంటే ఆ సరుకు అమ్మకానికి తగ్గ నాణ్యతతో ఉండాలి, కానీ కొనేవాడు ముందే పరీక్షించి ఉంటే ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగడానికి లేదు. గాడుల నట్టు కంటికి కనబడేదే, అందుకని ‘నట్టు వేరే రకం’ అన్న వాదన నిలవదు. కీ లేకపోవడం అలా కాదు, చక్రం విప్పబోతే తప్ప తెలియదు. కిట్ విప్పి ఎందుకు చూడలేదని మిమ్మల్ని అడుగుతారు, అడగనివ్వండి, కిట్ ఉందని రాసింది ఆయనే. చెప్పిన వివరాలకి సరుకు సరిపోవాలని 15వ సెక్షన్ అంటుంది, చక్రం ఊడదీయలేని కిట్‌ని టూల్ కిట్ అని సమర్థించుకోవడం డీలర్‌కి అంత తేలిక కాదు. ఆయనకి కీ ఎవరివ్వలేదన్నది ఆయనకీ పాత ఓనర్‌కీ మధ్య గొడవ, దాంతో మీకు పనిలేదు.

బండి ఎందుకు తిరిగివ్వలేరంటే, మీరు దాన్ని తీసుకుని వాడుకున్నారు. సరుకు అంగీకరించాక షరతు తప్పినా నష్టపరిహారమో ధర తగ్గింపో అడగాలి తప్ప సరుకు తిప్పికొట్టడం సాధారణంగా కుదరదు, 13, 59 సెక్షన్లు కలిపి చదివితే వచ్చేది ఇదే.

ఇక వీల్. కాంట్రాక్ట్ చట్టం, 1872లోని 73వ సెక్షన్ కింద నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు, దాన్ని తగ్గించుకునే మార్గం మీకు ఉందా లేదా అని కూడా చూస్తారు. డీలర్‌కి ఒక ఫోన్ చేశారా? రికవరీ బండి పిలిపించుకునే వీలుందా? రాత్రిపూట మనుషుల్లేని రోడ్డు మీద ఇరుక్కుపోయి ఉంటే ఒక రకం, పగలు ఊరి మధ్యలో ఆగి ఉంటే ఇంకో రకం. మెకానిక్ కూడా, తన చేతికి వచ్చిన బండిని సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నట్టు చూసుకోవాలని అదే చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. కానీ ‘ఎలాగోలా తీసెయ్’ అని మీరే అని ఉంటే (ఆ టెన్షన్‌లో అందరూ అనే మాటే అది) ఆయన మీద కేసు పలచబడుతుంది. నా మటుకు నేనైతే వీల్ డబ్బు కూడా డీలర్‌నే అడుగుతాను, మొత్తం వస్తుందని మాత్రం అనుకోను.

రెండో చక్రానికి ఆ నట్టు ఇంకా ఉంది కదా, దాని మీద సుత్తి పడనివ్వకండి. కీ మీదో, దాంతో ఇచ్చే కార్డు మీదో కోడ్ నంబర్ ఉంటుంది, పాత ఓనర్ దగ్గర ఆ కార్డు ఉందేమో డీలర్ ద్వారా కనుక్కోండి. లేకపోతే గాడులు స్పష్టంగా కనబడేలా ఎదురుగా ఫోటో తీసి, బయటి కొలత వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) చూసుకుని, కారవాన్ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి గానీ నట్ల తయారీదారుకి గానీ పంపితే సరిపోయే కీ చెబుతారు. ఇవి దొంగల్ని ఆపడానికి పెట్టే నట్లు కాబట్టి బండి మీదేనా అని అడగడం సహజం, ఆర్‌సీ దగ్గర పెట్టుకోండి. మిగతా నట్లకి కూడా స్పానర్ వదులుగా ఉంటే, పైన రేకు తొడుగు ఉందేమో చూడండి, ఆ రేకు ఉబ్బితే 21 మి.మీ. సాకెట్ పట్టక, 22 జారుతూ ఉంటుంది, దానికి అర సైజు సాకెట్లు దొరుకుతాయి.

ఊడిన నట్టు స్థానంలో ఏది దొరికితే అది బిగించి తిరగొద్దు. నట్టు వీల్‌కి ఆనే చోటు ఏటవాలుగానో, గుండ్రంగానో, చదునుగానో ఉంటుంది, ఒకదానికి ఇంకోటి వేస్తే బిగిసినట్టే ఉండి నడుస్తుంటే వదులవుతుంది. ప్రమాదం తెచ్చే లోపం ఉందని తెలిసి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండి కూడా బండి రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరం, ఆ సెక్షన్‌లో ట్రెయిలర్ మాట కూడా ఉంది. అప్పుడు డీలర్ మీద ఫిర్యాదు పక్కకుపోయి మీరే ముద్దాయి అవుతారు.

ఈ వారంలోనే డీలర్‌కి రాతపూర్వకంగా పంపండి: కీ లేదా కోడ్ 15 రోజుల్లో ఇవ్వాలి, లేదంటే నట్లు మార్పించిన బిల్లు, వీల్ బిల్లు చెల్లించాలి. వాట్సాప్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్ట్ కూడా చేయండి. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి ఆ ఫోన్ మార్చకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. తీసిన నట్టు, చిట్లిన వీల్ పారేయకండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. కారవాన్‌ని అద్దెలకి తిప్పే వ్యాపారం కోసం కొని ఉంటే మీరు వినియోగదారు కాదని డీలర్ అంటాడు, స్వయం ఉపాధి కోసమే అయితే ఆ మాట చెల్లదు.

ఇదే ప్రశ్న పంపిన ఇంకొందరు మామూలు మనిషి దగ్గర, అంటే తన సొంత బండి అమ్ముకున్నాయన దగ్గర కొన్నారు. అక్కడ 16వ సెక్షన్ మినహాయింపు వర్తించదు, వినియోగదారుల కమిషన్ కూడా ఉండదు. టూల్ కిట్ ఇస్తానని మెసేజ్‌లో రాసి ఉంటే దాన్ని పట్టుకుని మూడేళ్లలోపు సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు గానీ ఒక కీ కోసం ఆ తిరుగుడు అనవసరం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి దరఖాస్తు ఇస్తే ఇద్దర్నీ పిలిచి మాట్లాడతారు.